గవర్రాజు వండిన చేదుపరిగలు

పంట కాలువ తూము పక్కన, నిలువెత్తు రెల్లు మధ్య కొన్ని జంతువులు కాపురాలు పెట్టుకుని ఉండేవి. ఒకప్పుడు అవి కూడా దొరికిన చేపను దొరికినట్టే తినేవి. ఎవరు మొదలుపెట్టారో తెలియదుగాని, కొన్నాళ్ళకు అక్కడ పొయ్యిలు వచ్చాయి, పొయ్యిల వెనక పెనాలు వచ్చాయి, పెనాల వెనక మర్యాదలు వచ్చాయి. ఇప్పుడు ఆ గట్టు మీద పచ్చి చేప తినడమంటే నలుగురిలో తల దించుకోవలసిన సంగతి. మగ జంతువులు చేపలు పట్టి తెస్తాయి. ఆడ జంతువులు తోమి, కోసి, కడిగి, వండుతాయి. మళ్ళీ మగ జంతువులు కూర్చుని తిని, ఉప్పు సరిపోయిందో లేదో చెబుతాయి. పని సమానంగానే పంచుకున్నామని మగ జంతువుల అభిప్రాయం.

చేపలు పట్టడంలో ఆ గట్టు మీద గవర్రాజును మించినవాడు లేడు. గవర్రాజు బావురుపిల్లి. పొట్టి మెడ, ఒళ్ళంతా నల్లమచ్చలు, నీటికి జంకని పంజాలు. తూము అంచున కదలకుండా కూర్చుని నీళ్ళలోకి ఒక్క చరుపు చరిచాడంటే చేప ఒడ్డున పడి గిలగిల్లాడాల్సిందే. అంతవరకు అతని గొప్పలో అబద్ధం లేదు. చిక్కంతా ఆ తర్వాతే. పట్టిన చేపల్ని గుమ్మంలో పడేసి "ఇదిగో" అనడంతో తన పని అయిపోయిందనుకునేవాడు. ఆ మాటకీ పళ్ళెంలోకి వచ్చే వేపుడుకీ మధ్య ఏం జరుగుతుందో అతనికి తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించనూ లేదు.

ఆ మధ్యలో జరిగేదంతా అతని భార్య నూకాలు చేసేది. నూకాలు తక్కువ మాట్లాడే మనిషి. చేపలు రాగానే గరుకు రాయి ముందేసుకుని, బూడిద అద్ది తోమి, పొట్ట కోసి, ఉప్పేసి కడిగి, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి నూరి పట్టించి, కాసేపు నీడన ఉంచేది. తర్వాత పెనం మీద నూనె బాగా కాగాక ఒక్కొక్కటే పరిచేది. ఆమె వేయించిన పరిగ చేపల వాసనకు, గాలి ఎటు వీస్తే అటువైపు వాళ్ళకు ఆకలి వేసేది.

ఆ వాసన పట్టుకుని రోజూ మధ్యాహ్నానికి వచ్చేవాళ్ళు ముగ్గురు. ఒకడు నక్క పానకాలు. పానకాలు ఇంట్లో పొయ్యి వెలగదు. పెళ్ళాం పుట్టింటికి వెళ్ళిందని చెబుతాడు. వెళ్ళి మూడు వానాకాలాలైంది. రెండోవాడు కొంగ అవతారం. ఏ విషయం వచ్చినా అందులో మూడు రకాలున్నాయని చెప్పడం అతని అలవాటు. మూడోవాడు నీటికుక్క బుల్లియ్య. మంచివాడే, కాకపోతే నలుగురూ ఒక మాటంటే తను ఇంకో మాట మీద నిలబడేంత ధైర్యం లేదు.

తొలకరి పడి కాలువకు కొత్తనీరు వచ్చిన వారంలో ఒకరోజు నలుగురూ అరుగు మీద కూర్చుని తింటున్నారు.

"గవర్రాజుగారూ, ఒక సంగతి అడుగుతాను. ఈ రుచి ఎక్కడిదండీ?" అన్నాడు పానకాలు, ముల్లు చప్పరిస్తూ.

"ఎక్కడిదేముంది, నూకాలక్క చేతిలో ఉంది" అన్నాడు బుల్లియ్య.

"అక్కడే పొరపాటు పడుతున్నావు. వండేవాళ్ళదేముందయ్యా, పొయ్యి దగ్గర ఎవరు కూర్చున్నా వండుతారు. రుచంతా పట్టేవాడి దెబ్బలో ఉంటుంది. ఆ దెబ్బకు కండ బిగుస్తుంది. బిగిసిన కండకే రుచి" అన్నాడు పానకాలు.

"దెబ్బలో మూడు రకాలున్నాయి" అని మొదలుపెట్టాడు అవతారం. కానీ అప్పుడే పళ్ళెం అతని ముందుకు రావడంతో ఆ మూడూ ఏమిటో చెప్పలేకపోయాడు.

పానకాలు లెక్క సులువైనది. రేపు మళ్ళీ భోజనానికి పిలిచేది ఇంటాయన. కాబట్టి పొగడ్త ఇంటాయనకే దక్కాలి. వండిన ఆవిడను పొగిడితే ఆవిడ ఒక చిన్న నవ్వు నవ్వి లోపలికి వెళ్ళిపోతుంది. దాంతో కడుపు నిండదు.

గవర్రాజుకు మాత్రం ఆ మాట మెడ కింద గోకినట్టు హాయిగా ఉంది. మీసాలు సవరించుకున్నాడు.

"నేనెప్పుడూ బయటికి చెప్పుకోలేదుగాని, నూకాలు చేసేదల్లా పొయ్యి రాజెయ్యడమే. ఎంత ఉప్పు, ఎంత కారం, ఎప్పుడు తిప్పాలి, అన్నీ నా కనుసన్నల్లోనే జరుగుతాయి. ఒకరకంగా వండేది నేనే అనుకోండి."

లోపల ఆఖరి వాయి తీస్తున్న నూకాలు ఆ మాట వింది. పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది.

"అయితే రేపు నువ్వే వండి పెట్టు మావా. పొయ్యి నేను రాజేస్తాను" అంది.

గవర్రాజు ఒకసారి లోపలి పొయ్యి వైపు చూశాడు. కానీ మూడు మొహాలు తనవైపే చూస్తున్నాయి.

"దానికేం భాగ్యం" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తూము దగ్గరికి వెళ్ళి నలభై చేపల దాకా పట్టాడు. అన్నీ అరచేతి వెడల్పువే. సగం పక్కెలు, సగం చేదుపరిగలు. ఇంటికొచ్చి గుమ్మంలో పడేసి, అలవాటు కొద్దీ "ఇదిగో" అన్నాడు.

"ఆ, చూశాను" అంది నూకాలు. అప్పటికే పొయ్యి మండుతోంది. ఆమె గడప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. గరుకు రాయి, బూడిద, కత్తిపీట, నీళ్ళ కడవ అన్నీ వరసగా పెట్టి ఉన్నాయి.

కాసేపు ఎదురుచూశాడు. ఆమె లేవలేదు. ఇక తప్పక తనే కూర్చున్నాడు.

"బూడిద అద్ది, తోక వైపు నుంచి తల వైపుకు తోము" అంది నూకాలు.

"నాకు తెలుసు" అని తల వైపు నుంచి తోకకు తోమాడు. పొలుసు ఒక్కటీ ఊడలేదు. గట్టిగా అదిమితే చేప చేతిలోంచి జారి బూడిద కుప్పలో పడింది. నీళ్ళలో ప్రాణంతో ఉన్న చేపను ఒక్క చరుపుతో పట్టేవాడికి, చచ్చిన చేప మూడుసార్లు తప్పించుకుంది. నాలుగోసారి ఎవరూ చూడటం లేదనుకుని తోక నుంచి తల వైపుకు రుద్దాడు. ఈసారి పొలుసు ఊడి మీసాలకు అతుక్కుంది. వీపు ముల్లు బొటనవేలిలో దిగింది. అయిదో చేపకు వచ్చేసరికి ఒళ్ళంతా బూడిద, ఒంటి మీద మచ్చలు కూడా కనబడటం లేదు. ఇంకా ముప్పై అయిదున్నాయి.

"మొప్పలు లాగెయ్యాలి. పొట్ట కోసేటప్పుడు నిదానం. లోపల కార్జం పక్కన ఆకుపచ్చ తిత్తి ఒకటుంటుంది, మినపగింజంత. దానికి గోరు తగలనివ్వకు. చిట్లిందంటే ఎన్ని నీళ్ళు పోసి కడిగినా చేదు పోదు. వీటికి చేదుపరిగలని పేరు ఊరికే రాలేదు."

"పట్టినవాణ్ణి నేను. నా చేపల పొట్టలో ఏముందో నాకు చెబుతావా?"

"సరే, చెప్పను" అంది నూకాలు. అన్నట్టే ఊరుకుంది.

ఆమె నిజంగానే ఊరుకోవడం గవర్రాజుకు నచ్చలేదు. ఇంకొక్కసారి చెబితే విసుక్కుంటూనైనా వినేవాడు. ఇప్పుడు అడగాలంటే నోరు రాదు. గబగబా పొట్టలు చీల్చి, వేలు పెట్టి తిప్పి, వచ్చినంత లాగి పారేశాడు. వేళ్ళ నిండా ఏదో ఆకుపచ్చటి జిగురు అంటుకుంది. కాలువలో నాచు అయి ఉంటుందనుకున్నాడు. చివరి పదిహేను చేపల్ని అసలు కొయ్యనే లేదు. చిన్నవి కదా, అలాగే వేగిపోతాయిలే అని ఉప్పూ కారం చల్లి ఊరుకున్నాడు.

పెనం దగ్గర ఇంకో కథ. తడి ఆరకుండానే చేపల్ని నూనెలో వేశాడు. నూనె ఎగిరి ముక్కు మీద పడింది. వెనక్కి గెంతి, మళ్ళీ వచ్చి, వేసిన మరుక్షణమే తిప్పబోయాడు. కాసేపు ముట్టుకోకుండా ఉంటే చేప తనంతట తనే పెనాన్ని వదులుతుందని అతనికి తెలియదు. చర్మం పెనానికి, కండ గరిటెకు, ముల్లు మాత్రం చేపకు మిగిలాయి. రెండో వాయి అంతకన్నా అన్యాయం. అరుగు మీద అప్పటికే పానకాలు గొంతు వినిపిస్తోంది. గవర్రాజు ఆ చితికిన ముక్కలన్నీ ఒక మట్టి దాకలో గోకిపోసి, చింతపండు పులుసు కుమ్మరించి, రెండు పొంగులు రానిచ్చాడు.

"వేపుడు కదా మొదలుపెట్టావు" అంది నూకాలు.

"మనసు మార్చుకున్నాను" అన్నాడు గవర్రాజు. దాక పట్టుకుని అరుగు మీదికి వెళ్ళాడు.

వడ్డించి, తను మాత్రం తినకుండా పానకాలు మొహం చూస్తూ కూర్చున్నాడు. పానకాలు ఒక ముద్ద పెట్టుకున్నాడు. వేపాకు నమిలినట్టు దవడలు ఒక్కసారి ఆగిపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మింగాలా, ఉమ్మాలా అని ఒక క్షణం ఆలోచించాడు. ఉమ్మితే నిన్న చెప్పిన దెబ్బలో రుచి మాట తన నోటితోనే అబద్ధమవుతుంది. పైగా గవర్రాజుకు కోపమొస్తే రేపటి నుంచి ఈ అరుగు ఎక్కనివ్వడు. ఈ ఒక్కరోజు ఓర్చుకుంటే రేపు ఎలాగూ ఇతనికి మోజు తీరిపోతుంది, మళ్ళీ చెల్లెమ్మే వండుతుంది. మింగేశాడు.

"గవర్రాజుగారూ" అన్నాడు గొంతు సవరించుకుని, "ఇది అందరి నాలుకకూ అందేది కాదండీ. పెద్ద రుచి."

అవతారం అప్పుడే నోట్లో పెట్టుకున్నాడు. పొడుగాటి మెడ కింది దాకా చేదు దిగడం అందరికీ కనిపించింది. కానీ అందరి నాలుకల్లాంటిది తన నాలుక అని ఒప్పుకోవడం అతనివల్ల కాదు.

"చేదులో మూడు రకాలు. నాలుక చివర చేదు, అంగిట చేదు, మర్నాటి చేదు. ఇందులో మూడూ ఉన్నాయి. అరుదైన వంట" అన్నాడు.

"చేదుగా ఉంది కదా" అన్నాడు బుల్లియ్య.

ఇద్దరూ అతనివైపు జాలిగా చూశారు. బుల్లియ్య తల దించుకున్నాడు. ఇంకో ముద్ద పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "ఆ, ఇప్పుడు తెలుస్తోంది" అన్నాడు.

అప్పుడు గవర్రాజు తిన్నాడు. కూర నోటికి తగలగానే తన తల్లిని, చిన్నప్పుడు తాగించిన కషాయాన్ని తలుచుకున్నాడు. కానీ ముగ్గురు పెద్దమనుషులు బాగుందన్నాక, వండినవాడే బాగాలేదనడం ఏం మర్యాద? బహుశా బాగానే ఉందేమో. మొదటిసారి కాబట్టి తనకు తెలియడం లేదేమో. దాక ఖాళీ అయ్యేదాకా నలుగురూ ఒకరినొకరు చూసుకుంటూ తిన్నారు.

నూకాలు దాక అడుగున మిగిలిన తడిలో వేలు ముంచి ఒక్క చుక్క నాలుకకు రాసుకుంది. ముగ్గురి మొహాలూ తేరిపార చూసింది.

"నాది మామూలు నాలుక. నాకు ఈ పెద్ద రుచులు పట్టుబడవు. రేపటి నుంచి మీకు మావ ఇలాగే వండి పెడతాడు. నా మటుకు నేను నాలుగు పరిగలు ఏదోలా వేయించుకు తింటాను" అంది.

"అబ్బే, చెల్లెమ్మా, అప్పుడప్పుడు మీ వేపుడు కూడా..." అని పానకాలు అనబోయాడు.

"కుదరదు" అన్నాడు అవతారం. "పెద్ద రుచి ఎరిగిన నాలుకకు మళ్ళీ మామూలు రుచి తగలకూడదు. తగిలిందంటే మొత్తం మొదటికొస్తుంది. అది నియమం."

ఆ నియమం అప్పుడే పుట్టిందని అక్కడున్న అందరికీ తెలుసు. కాదనగలిగినవాడు లేడు. నూకాలు పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అలా మొదలైంది. వారం తిరక్కుండా ఆ గట్టంతా పాకింది. గవర్రాజు వండితే తనెందుకు వండకూడదని అవతారం పొయ్యి దగ్గర కూర్చున్నాడు. అవతారం వండాక బుల్లియ్యకు తప్పలేదు. ఎవరి కూర ఎక్కువ చేదో వాడు గొప్ప. తిత్తులు చిట్లించడంలో కొత్త పద్ధతులు వచ్చాయి. పేగులు తీసెయ్యడం మోటు పద్ధతి అనే మాట పుట్టింది. అవతారం గట్టు మీద నిలబడి చేదు గురించి ప్రసంగాలు చేసేవాడు. పానకాలును అందరూ రుచుల పెద్దగా ఒప్పుకున్నారు. ఏ ఇంట్లో కూర దిగినా మొదటి ముద్ద ఆయన తినాలి. రోజుకు మూడిళ్ళు. ఇదివరకు ఒక్క ఇంట్లో కడుపు నిండా తినేవాడు. ఇప్పుడు మూడిళ్ళలో పెద్దరికంగా తిని, సాయంత్రానికి రెల్లు చాటున కడుపు పట్టుకు కూర్చునేవాడు.

గవర్రాజు పక్కటెముకలు బయటపడ్డాయి. తూము దగ్గర చరుపులో బలం తగ్గింది. అయినా నలుగురిలో కనిపిస్తే మీసాలు మెలేసి నడిచేవాడు. పెద్ద రుచిని ఈ గట్టుకు తెచ్చినవాడు మరి. నిద్రలో మాత్రం కరివేపాకు వేసిన వేపుడు కలలోకి వచ్చేది.

కల ఎందుకు, మెలకువగా ఉన్నప్పుడూ వచ్చేది. రోజూ మధ్యాహ్నం, మగాళ్ళు అరుగు మీద చేదు తింటుండగా, పెరటి వైపు నుంచి చుయ్యిమనే చప్పుడూ, దాని వెనకే ఆ వాసనా. అవతారం భార్య, బుల్లియ్య భార్య సత్తెమ్మ కూడా తమ చేపలు బుట్టల్లో వేసుకుని నూకాలు పెరట్లోకే వచ్చేవాళ్ళు. ముగ్గురూ మాట్లాడుకుంటూ తోముకుని, వేయించుకుని తినేవాళ్ళు. మగాళ్ళకు వండే పని తప్పడంతో తీరిక కూడా దొరికింది. ముగ్గురి ఒంటి మీదా నిగారింపు వచ్చింది.

ఒకరోజు గవర్రాజు ఓర్చుకోలేక, బుట్ట వెతుక్కుంటున్నట్టు పెరట్లోకి వెళ్ళాడు. పెనం మీద పక్కెలు ఎర్రగా వేగి, అంచులు కరకరలాడుతున్నాయి.

"ఏంటది?" అన్నాడు.

"ఏదో మామూలు వేపుడు" అంది నూకాలు.

"ఎలా పాడుచేశావో చూద్దాం, ఒక ముక్క ఇలా ఇవ్వు."

"వద్దులే మావా. నీ నాలుకకు తగలకూడదట కదా. ఇన్నాళ్ళు కష్టపడి సంపాదించుకున్నది, నా చేత్తో ఎందుకు పాడుచెయ్యాలి?"

సత్తెమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. గవర్రాజు అక్కడ లేని బుట్ట కోసం ఇంకాసేపు వెతికి, వెళ్ళిపోయాడు. తన కూర చేదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ దాని వెనకే గట్టు మీది మొహాలన్నీ గుర్తొచ్చాయి.

తర్వాత రెండు రోజులు తట్టుకున్నాడు. మూడోరోజు మధ్యాహ్నం, వంట చెయ్యడం కూడా మానేసి, పెరటి వెనక ఆముదపు చెట్ల చాటుకు పాకుతూ వెళ్ళాడు. వాళ్ళు లోపలికి వెళ్ళిన అదనులో రెండు ముక్కలు ఎత్తుకుపోదామని ఆలోచన. తన ఇంట్లో తనే దొంగతనం. చెట్ల కింద అప్పటికే ఎవరో పొట్ట నేలకు ఆనించి పడుకుని ఉన్నారు. చూస్తే పానకాలు.

"మీరిక్కడేంటి?" అన్నాడు గవర్రాజు గుసగుసగా.

"గాలి ఎటు వీస్తోందో చూస్తున్నాను. మీరు?"

"నేనూ గాలి కోసమే."

అవతలి రెల్లులోంచి పొడుగాటి ముక్కు ఒకటి బయటికొచ్చింది. "నేను రోజూ ఇక్కడే నిలబడతాను" అంది ఆ ముక్కు, ఎవరూ అడక్కుండానే. అది అవతారం.

ముగ్గురూ అలా ఒకరికొకరు సంజాయిషీలు చెప్పుకుంటుండగా బుల్లియ్య వచ్చాడు. చాటుమాటుగా కాదు, దారమ్మటే నడుచుకుంటూ వచ్చాడు. ముగ్గురినీ చూసి ఆగాడు.

"ఎక్కడికి?" అన్నాడు గవర్రాజు.

"అడిగి తినడానికి. నావల్ల కాదు బావా" అని నేరుగా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

నూకాలు ముందు నిలబడి చెప్పాడు: "అక్కా, ఆ కూర చేదుగా ఉంటుంది. మొదటిరోజే అన్నాను. అందరూ అదోలా చూశారని మాట మార్చాను. ఆకలేస్తోంది, రెండు ముక్కలు పెట్టు."

అక్కడున్న ఆడవాళ్ళెవరూ నవ్వలేదు. సత్తెమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుని ముక్కు చీదింది.

"కాళ్ళు కడుక్కుని రా" అంది నూకాలు. "ఇంకా ముప్పై పరిగలున్నాయి. ఆ రాయి ముందు కూర్చో. తోమినవాళ్ళకే ముక్క."

బుల్లియ్య కూర్చున్నాడు. తోక నుంచి తల వైపుకు రుద్దడం మొదలుపెట్టాడు.

ఆముదపు చెట్ల కింద నుంచి గవర్రాజు అదంతా చూస్తున్నాడు. వెళితే రేపటి నుంచి గట్టు మీద తలెత్తుకోలేడు. వెళ్ళకపోతే రేపు కూడా ఆ చేదు కూర దాకే. పానకాలు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"తొందరపడకండి గవర్రాజుగారూ. మన పరువు ఏమవుతుంది?"

గవర్రాజు ఆ చేతిని చూశాడు. ఆకలికి అది పుల్లలా ఎండిపోయి ఉంది. తన చెయ్యి విడిపించుకుని బయటికి నడిచాడు.

నూకాలు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"చేదుగానే ఉంది" అన్నాడు.

"ఏది?"

"నేను వండింది."

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజు నుంచీ. నువ్వు చెప్పావు, నేను వినలేదు. ఇంకోమాట కూడా ఉంది. వండేది నేనేనని ఆ రోజు అరుగు మీద అన్నాను కదా. అది అబద్ధం."

నూకాలు పక్కకు జరిగి, తన పక్కన చోటిచ్చింది. చేతికి ఒక చేదుపరిగ అందించింది.

"నిదానం. గోరు పైపైన పెట్టు. అదిగో, అదే తిత్తి. కింద నుంచి మెల్లగా ఎత్తు."

గవర్రాజు గోటిని మెల్లగా కిందికి పోనిచ్చి ఎత్తాడు. మినపగింజంత ఆకుపచ్చ తిత్తి చిట్లకుండా గోటి మీదికి వచ్చింది. ఎన్నో చేపలు పట్టాడుగాని, ఇంత చిన్నదాన్ని పట్టినందుకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. పక్కనున్న బుల్లియ్యకు చూపించాడు. బుల్లియ్య తన గోటి మీదున్నది చూపించాడు.

అవతారం రెల్లులోంచి హుందాగా నడిచొచ్చాడు. "అభిప్రాయాలు మూడు రకాలు. అందులో ఒకటి మార్చుకోదగినది. నేను మార్చుకున్నాను" అన్నాడు.

"మార్చుకున్నవాళ్ళు ఉల్లిపాయలు తరగాలి" అంది అతని భార్య, కత్తిపీట ముందుకు తోస్తూ.

పానకాలు మాత్రం ఆముదపు చెట్ల కిందే ఉండిపోయాడు. తోమడం తనకు చేతకాదు. పైగా రుచుల పెద్ద బూడిదలో కూర్చోవడమా? బాగా ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. తోమడం, కొయ్యడం, వేయించడం అన్నీ అయ్యేదాకా ఆగాడు. ఆకులు వేస్తున్న చప్పుడు వినబడ్డాక, ఒళ్ళు దులుపుకుని, చుట్టూ తిరిగి వీధి వైపు నుంచి, అప్పుడే వస్తున్నట్టు వచ్చి అతిథి పీట మీద కూర్చున్నాడు. ఇప్పుడు తోమడానికి చేపలు మిగలలేదు. ఇక తినడమే.

ఆకులో కరివేపాకు, ఉల్లిపాయ ముక్కలు, ఎర్రగా వేగిన పరిగలు. అందరి ఆకుల్లోనూ. పానకాలు ఆకు మాత్రం ఖాళీ.

"మీకేం వడ్డించమంటారు పానకాలుగారూ?" అంది నూకాలు.

పానకాలు అందరినీ ఓసారి చూశాడు. ఒక్క మాట చేదని ఒప్పుకుంటే రేపటి నుంచి రుచుల పెద్ద ఉండడు, ఆకలిగొన్న నక్క ఒకటి ఉంటుంది.

"రుచి విషయంలో మాట మార్చడం నాకు అలవాటు లేదు చెల్లెమ్మా. వీళ్ళంటే నాలుక నిలుపుకోలేకపోయారు. అయినా మీ మనసు నొప్పించడం ఇష్టం లేదు. మీ తృప్తి కోసం ఆ మామూలు వేపుడే ఒక పది ముక్కలు వెయ్యండి."

"అయ్యో, నా తృప్తి కోసం మీ నాలుక పాడుచేసుకుంటారా? ఆ పాపం నాకొద్దు. ఈ గట్టు మీద పెద్ద రుచి నిలబెట్టింది మీరొక్కరే. మావ నిన్న వండింది సగం మిగిలిపోతే, పారెయ్యబుద్ధి కాక మీకోసమే దాచాను."

దాక తెచ్చింది. నిన్నటిది కాబట్టి చేదు బాగా పట్టింది. గరిటెతో అడుగంటా గోకి, ఎంతో మర్యాదగా పానకాలు ఆకులో వేసింది. అందరూ తమ ఆకుల మీద చెయ్యి పెట్టకుండా, పెద్దాయన మొదటి ముద్ద తినేదాకా ఆగారు. అది ఆ గట్టు మర్యాద.

పానకాలు మొదటి ముద్ద తిన్నాడు. అప్పుడు అందరూ తినడం మొదలుపెట్టారు. చుట్టూ పరిగలు కరకరలాడుతుంటే ఆ మధ్యలో కూర్చుని దాక అంతా తిన్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే కారానికని చెప్పాడు.

"ఎలా ఉందండీ?" అని అడిగాడు గవర్రాజు. అడిగింది ఎగతాళికి కాదు. ఒప్పుకుంటే తన ఆకులో సగం ఇచ్చేద్దామని నిజంగానే అనుకున్నాడు.

"అమోఘం" అన్నాడు పానకాలు.

"అలాగైతే రేపటికి కూడా ఇదే వండిస్తాను" అంది నూకాలు, ఖాళీ దాక తీసుకుని లోపలికి వెళుతూ.

నచ్చనిదాన్ని నచ్చిందని పొగిడినవాడికి, మర్నాడు కూడా అదే వడ్డిస్తారు.